వెర్లీన్ టాకెట్ పుడ్డింగ్ గిన్నె

అలబామాలోని ఆ చిన్న బాప్టిస్టు సంఘంలో ఆడవాళ్ల పరువుకు ఒకటే కొలత: నెలకోసారి తలా ఒక వంటకం తెచ్చి జరుపుకునే ప్రేమవిందు నుంచి ఎవరి గిన్నె ఖాళీగా ఇంటికి వెళ్తుందన్నది. వెర్లీన్ టాకెట్ చేసే అరటిపండు పుడ్డింగ్ ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్కసారీ మిగల్లేదు.

మార్చిలో సగం మిగిలింది. ఏప్రిల్‌లో ముప్పాతిక. మేలో ఎవరో మొహమాటానికి ఒక మూల చెంచా గుచ్చి వదిలేశారు.

"పాలు విరిగాయేమోనే," అని ఓదార్చింది నలభై ఏళ్లుగా స్నేహితురాలైన ఒడెస్సా.

"విరిగింది నీ బుర్ర!"

ఇంటికెళ్లి తానే తిని చూసింది. ఏ లోపమూ లేదు. అదే ఆమెను కుంగదీసింది, లోపముంటే దిద్దుకోవచ్చు.

మర్నాడు మిగిలిన పుడ్డింగ్ పంచడానికి బయల్దేరింది. తెచ్చినవాళ్లే ఫ్రిజ్ తెరిచి సర్దిపెట్టడం అక్కడి మర్యాద. ఒడెస్సా ఫ్రిజ్‌లో గుడ్ల వెనకాల పెన్నులాంటి సూదిమందు కనబడింది.

"ఇదేంటే?"

"విటమిను."

"విటమిను పెట్టె మీద వారం వారం నీ బరువెందుకు రాసుకున్నావ్?"

ఒడెస్సా తలుపు మూసి గొంతు తగ్గించింది. "బరువు తగ్గే మందు. ఆకలి చచ్చిపోతుందే. ఎవరితోనూ అనకు. సంఘం మొత్తంలో నేనొక్కదాన్నే."

ఆ సాయంత్రానికి వెర్లీన్ పదకొండు ఫ్రిజ్‌లు తెరిచింది. పన్నెండుమంది 'నేనొక్కదాన్నే'లూ 'నేనొక్కడినే'లూ దొరికారు. తిండిపోతుతనం మీద తాను చేసిన ప్రసంగాలే ఫలించాయని మురిసిపోతున్న పాస్టరు హోయిట్ గారి ఇంట్లో పచ్చళ్ల చాటున రెండు సూదులు దొరికాయి, ఒకటి ఆయనది, ఇంకొకటి పాస్టరమ్మ గారిది.

వెర్లీన్ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. జూన్ ప్రేమవిందుకు నలభై చిట్టి గ్లాసుల్లో పుడ్డింగ్ తెచ్చి, ఒక పళ్లెంలో పేర్చింది.

పాస్టరు గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "సిస్టర్, ఇవి ప్రభు బల్ల ఆరాధనలో తలా గుక్కెడు ద్రాక్షరసం పోసే గ్లాసులు కదూ?"

"శుభ్రంగా కడిగాను బ్రదర్. మీ ఫ్రిజ్ చూశాక, ఇంతకంటే పెద్దది మీకు పట్టదనిపించింది."

పాస్టరు గారు ఒకటి తీసుకున్నారు. అమ్మగారు తీసుకున్నారు. రెండు గుటకల పనే కనుక అందరికీ ధైర్యం వచ్చింది. పది నిమిషాల్లో పళ్లెం తుడిచిపెట్టినట్టయింది.

"ఉగ్గుగిన్నెలంత వాటితో గెలిస్తే అదీ ఒక గెలుపేనా?" అంది ఒడెస్సా.

"ఖాళీ అయిందా లేదా?"

వెర్లీన్ పళ్లెం నలుగురికీ కనబడేలా ఏటవాలుగా పట్టుకుని నడిచింది. వెనకే ఒడెస్సా, పైన చల్లిన చీజు కూడా చెదరని తన బంగాళాదుంపల గిన్నెను రెండు చేతులా మోసుకుంటూ వచ్చింది.