మావగారి పేరు మీద మీటరు

ఫోనులో ఆ నీలం చక్రం తిరుగుతున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టుకునే కూర్చున్నాను. పక్క గదిలో మా ఆయనకి ఊపిరి ఆడడం కోసం బిల్లు కడుతూ, మధ్యలో నా ఊపిరి ఆపుకోవడమేమిటో! ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మాత్రం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాను.

అది కరెంటు బిల్లు. పెళ్లయినప్పటినుంచీ మా ఇంట్లో బిల్లులు కట్టడం ఆయన పని. సాలూరులో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేశారు. సరుకెక్కిన ప్రతి లారీకీ చీటీ రాసిన చెయ్యి కనక ఇంట్లోనూ అదే పద్ధతి. కౌంటరు దగ్గర లైన్లో నిలబడి డబ్బు కట్టి, ముద్ర వేయించుకుని, ఆ చీటీ తెచ్చి వంటింటి గుమ్మం పక్కన వేలాడే ఇనప తీగకి గుచ్చేవారు. "సీటీ నేని సరుకు దొంగసరుకే" అనేవారు. తీగ నిండితే అడుగు చీటీలు పారేద్దామంటే ఒప్పుకునేవారు కాదు.

అలాంటి మనిషికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. వైజాగ్ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తూ ఆక్సిజన్ మిషను పెట్టుకోమన్నారు. అద్దెకి తెచ్చాం. గాలిని లాగి, వడకట్టి, ముక్కులోకి గొట్టం గుండా పంపే పెట్టె అది. పగలూ రాత్రీ బుస్సుబుస్సుమంటూ కరెంటు మీదే నడుస్తుంది. కరెంటు పోతే పక్కనో చిన్న సిలిండరు ఉంది, రెండు గంటలొస్తుంది. "ఆ తర్వాత?" అని అడిగాను. "కరెంటు పోకుండా చూసుకోండమ్మా" అన్నారు డాక్టరుగారు. కరెంటు నా కొంగున కట్టుకున్నట్టు!

మామూలుగా పోయే కరెంటు అరగంటకో గంటకో వస్తుంది. నా భయం దాని గురించి కాదు. బిల్లు కట్టలేదని లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేస్తే, డబ్బు కట్టి, ఆఫీసులో చెప్పుకుని, మళ్లీ వాళ్లు వచ్చి పెట్టేసరికి పూట గడుస్తుంది. పూటంటే ఎన్ని రెండు గంటలు? ఆ లెక్క రోజూ వేసుకునేదాన్ని.

బిల్లు కట్టడానికి నేనే వెళ్లాలి. గంటస్తంభం దాటి ఆటోలో వెళ్లి, లైన్లో నిలబడి, తిరిగొచ్చేసరికి పూట పడుతుంది. ఆయన్ని అంతసేపు ఒంటరిగా ఎలా వదలను? అప్పుడు గుర్తొచ్చింది, పింఛను పని మీద బ్యాంకుకి వెళ్లినప్పుడు అక్కడి అమ్మాయి నా ఫోనులో యాప్ పెట్టి ఇచ్చిన సంగతి. "ఇంట్లో కూర్చునే బిల్లులు కట్టుకోవచ్చు మేడమ్" అంది. అప్పుడు తలూపి వచ్చేశాను. ఇప్పుడు అదే దిక్కయింది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఈ ఇల్లు మా మావగారు కట్టించారు. ఆయన సంస్కృతం మాస్టారు. ముందు వాటాకి ఒకటి, వెనక వాటాకి ఒకటి, రెండు మీటర్లు తన పేరు మీదే తీసుకున్నారు. ఆయన పోయాక అన్నదమ్ములకి నుయ్యి దగ్గర మాటామాటా వచ్చింది. ఇంటి మధ్యలో గోడ లేచింది. ఒంటి ఇటుక గోడ. అవతల మా బావగారు, మా తోటికోడలు. ఇవతల మేము. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. మీటర్లు మాత్రం ఇప్పటికీ వీధి అరుగు మీద ఒకే బోర్డుకి పక్కపక్కనే ఉన్నాయి. పేరు మార్పించుకోవాలంటే వారసులిద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలన్నారట. ఒకరి మొహం ఒకరు చూడని వాళ్లు సంతకాలెక్కడ పెడతారు? అందుకని మావగారి పేరే ఉండిపోయింది.

రీడింగు తీసే మనిషి నెలకోసారి వచ్చి, రెండు చీటీలూ ఆ బోర్డు వెనకే దోపి పోతాడు. ఎవరి చీటీ వాళ్లు తీసుకుంటాం. ఆ నెల నేను హడావిడిగా వెళ్లి, చేతికందిన చీటీ లాక్కుని లోపలికొచ్చాను.

చీటీ మీది సర్వీసు నంబరు చూసి ఒక్కో అంకే నొక్కాను. అప్పుడు ఫోను అడిగింది, "ఈ వివరాలు సరైనవేనా?" అని. కింద మావగారి పేరు, ఇంటి పేరుతో సహా, నిండుగా కనిపించింది.

కోడళ్లు మావగారి పేరు నోటితో పలకని ఇంట్లో మెట్టినదాన్ని నేను. ఓటరు లిస్టు వాళ్లొచ్చి అడిగినా కాగితం మీద రాసి చూపించేదాన్ని. బడిలో నలభై మంది పిల్లల హాజరు గడగడా పిలిచిన టీచర్ని, ఆ ఒక్క పేరు దగ్గర మాత్రం మూగదాన్ని. అలాంటిది ఆ పేరు నా అరచేతిలో వెలుగుతుంటే, నాకు తెలియకుండానే పైట సర్దుకున్నాను. బతికుండగా ఆయన మొహంలోకి ఎలా తేరిపార చూడలేదో, ఆ పేరు కేసీ అలాగే చూడలేదు. పెద్దాయనే ఎదురొచ్చి నిలబడ్డాక ఇంకేం తప్పు జరుగుతుందని ఔనని నొక్కేశాను.

చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. పచ్చ టిక్కు పడింది. మిషను వచ్చిన నెల కదా, బిల్లు తడిసి మోపెడవుతుందనుకున్నాను. తీరా చూస్తే చాలా తక్కువ. దేవుడు చల్లగా చూశాడనుకున్నాను.

"ఏటే, కట్టీసేవా?" అని లోపల్నుంచి ఆయన అడిగారు.

"కట్టీసేను."

"ముద్రేదీ?"

ఫోను చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఈ పచ్చ మార్కు తీగకి గుచ్చగలవేటి?" అన్నారు. ఆయన తృప్తి కోసం చీటీ మీద "ఫోనులో కట్టడమైనది" అని రాసి, నా సంతకం పెట్టి గుచ్చాను.

అంతటితో మనసు కుదుటపడాలి కదా! పడలేదు. ఆ పచ్చ టిక్కు కింద సన్నని అక్షరాలతో, వివరాలు చేరడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చని రాసి ఉంది. చేరకపోతే? కౌంటర్లో అయితే ఒక మనిషి డబ్బు తీసుకుంటాడు, మొహం గుర్తుంటుంది, నిలదీయొచ్చు. ఫోనులో ఎవర్ని నిలదీస్తాం? అన్నం వార్చి ఒకసారి, ఆయనకి మాత్రలిచ్చి ఒకసారి ఫోను తీసి ఆ టిక్కు ఉందో లేదో చూసుకునేదాన్ని. ఎక్కడికి పోతుంది? అయినా చూసేదాన్ని. గడువు తేదీ వచ్చింది, పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. భయం కాస్త తగ్గింది.

ఆ తర్వాత ఒక రోజు పదిన్నరప్పుడు వీధిలో గొడవ వినిపించింది. లైన్‌మన్ వచ్చాడు. నాలుగిళ్ల అవతల ఫ్యూజు పీకేశాడు. ఆ ఇంటావిడ అరుస్తోంది. అతను చేతిలో లిస్టు పట్టుకుని ఇటే వస్తున్నాడు.

నాకేం భయం, కట్టానుగా అనుకుంటూ, చూపించడానికి తీగ మీంచి చీటీ తీశాను. దానితోపాటు కిందటి నెలది కూడా చేతిలోకొచ్చింది. రెండూ పక్కపక్కన పడ్డాయి. అదే పేరు, అదే డోరు నంబరు. సర్వీసు నంబర్లో చివరి అంకె మాత్రం వేరు.

అప్పటికి తెలిసింది నేను చేసిన ఘనకార్యం. నేను కట్టింది గోడవతలి బిల్లు. మాది కట్టనే లేదు. "రాసింది రెండుసార్లు సరిచూసుకోండర్రా" అని ఇన్నేళ్లూ పిల్లల నెత్తిన మొట్టిన మహాతల్లిని, నేను ఒక్కసారైనా చూసుకోలేదు.

ఫోను తీసి రహస్య నంబరు కొట్టాను. తప్పు. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పు. మూడోసారీ తప్పితే తాళం పడుతుందట. వేళ్లు చీరకి తుడుచుకుని, ఒక్కో అంకే పైకి చదువుకుంటూ కొట్టాను. తెరుచుకుంది. పాత చీటీ మీది నంబరు, మా అసలు నంబరు, వేశాను. మావగారు మళ్లీ ప్రత్యక్షమయ్యారు. ఈసారి ఆయన వంక చూడలేదు, అంకెలే చూశాను. కింద "బకాయి ఏమీ లేదు" అని వచ్చింది.

లేకపోవడమేమిటి! కట్టని బిల్లుకి బకాయి ఎలా ఉండదు? ఈ యాప్‌కి పిచ్చెక్కిందా, నాకెక్కిందా? మళ్లీ వేశాను. మళ్లీ అదే మాట. ఇంతలో గేటు చప్పుడైంది. లోపల మిషను బుస్సుమంటోంది. రెండు గంటలు, రెండే గంటలు అని నా బుర్రలో ఒకటే రొద.

చీటీలు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. "బాబ్బాబు, ఆగు నాయనా. తప్పు నంబరుకి కట్టేశాను. లోపల మిషను మీద మనిషున్నారు. ఇప్పుడే కడతాను, ఫ్యూజు తీసీకు" అన్నాను. అంటూ ఏడ్చేశాను. వీధిలో నిలబడి పరాయివాడి ముందు ఏడవడం నా జన్మలో అదే మొదలు.

అతను బిత్తరపోయాడు. "ఏటమ్మా, నానేటి సేసేనిప్పుడు? ఉండండి, సూస్తాను" అంటూ లిస్టు మీద వేలు పెట్టి పైనుంచి కిందకి చూశాడు. "మీ ఇల్లు ఇందులో నేదమ్మా. రెండు మీటర్లకీ కట్టీసి ఉన్నాది" అన్నాడు.

"రెండూనా? ఎవరు కట్టారు?"

"అది నాకెలా తెలుస్తాదమ్మా? బకాయి నేదంతే" అని పక్కింటికి పోయాడు.

అరుగు మీద కూలబడ్డాను. అవతలి కొసన మా తోటికోడలు కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరుగుతోంది. అంతా చూసిందన్నమాట. తల ఎత్తకుండానే, "ఏటలా సూస్తావు? కల్లు తుడుసుకో" అంది. తొమ్మిదేళ్ల తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

"అక్కా, మాది నువ్వు కట్టేవా?"

"నానేటి కట్టడం? మా సీటీ నువ్వు లాక్కుపోనావు. మీది బోర్డు ఎనకాల ఉండిపోనాది. ఆఖరికి కరెంటు సీటీకి కూడా వాటాలకొచ్చీసింది సూడు అని, ఆనక తెలిసినాక నాకు ఒల్లు మండింది. ఆ సీటీ మీ బావ తీసుకుని కౌంటరు కాడికెల్లినారు. నంబరు సూస్తే మాది కాదు, మీది. మాది సూడమంటే ఎవులో కట్టీసినారన్నారట. మరి మీది కట్టడానికి అట్టుకెల్లిన డబ్బు సాల్నేదు. ఎండలో ఇంటికొచ్చి, మల్లీ ఎల్లినారు."

"నాకొక్క మాట చెప్తే నేనే కట్టుకుందును కదా?"

"ఎవులు సెప్తారు? ఆయన సెప్తారా?" కత్తిపీట మీంచి తల ఎత్తింది. "మీ మిషను వచ్చిన కాన్నించి మీ బావ మంచం గోడ పక్కకి ఈడ్సుకున్నారు. సెవి ఆ గోడకే. కరెంటు పోయి సప్పుడాగితే సాలు, లెగిసి కూకుంటారు. 'కరెంటు పోనాదా, నా తమ్ముడు పోనాడా' అని నన్నడుగుతారు. నాకేటి తెలుస్తాది, సెప్పు?"

సిగ్గుతో తల దించుకున్నాను. ఆ గోడ వెనక మా చావు కోరుకునే వాళ్లున్నారని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ బుస్సుబుస్సు వాళ్లకి చిరాగ్గా ఉంటుందని, చిరాకు పడితే పడనీ అని లోలోపల సంతోషించిన రోజులూ ఉన్నాయి. ఆవిడ బెండకాయ ముక్కలు పళ్లెంలోకి ఎత్తి లోపలికి వెళ్లిపోయింది.

నేనూ లోపలికొచ్చాను. ఆయన కళ్లు తెరిచి గుమ్మం వైపే చూస్తున్నారు. వీధిలో నా ఏడుపు విన్నట్టున్నారు. గొట్టం పెట్టుకుని ఎక్కువ మాట్లాడలేరు.

"ఏటి? కట్టనేదా?"

"కట్టీసి ఉన్నాది. నేను తప్పు కట్టేను. మనది మీ అన్నయ్య కట్టినారు" అని, మంచం గోడ పక్కకి ఈడ్చుకున్న సంగతి కూడా చెప్పాను.

ఆయన గోడ వైపు తల తిప్పి పడుకున్నారు. కోపం వచ్చిందేమో, ఆయాసం ఎక్కువవుతుందేమోనని మళ్లీ నా భయం నాకు. వేలికి పెట్టే ఆ క్లిప్పు తెచ్చి ఆక్సిజన్ అంకె చూశాను. బాగానే ఉంది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

కాసేపటికి, "మంచం ఆ గోడ కాడికి జరుపు" అన్నారు.

"గొట్టం అందుతాదో నేదో."

"సూడు మరి."

టేపు తెచ్చాను. మిషను దగ్గర్నుంచి గోడ దాకా ఒకసారి కొలిచాను. అంకె కాగితం మీద రాసుకుని, మళ్లీ రెండోసారి కొలిచాను. అందుతుంది. అప్పుడు మంచం జరిపాను.