రోశయ్య బాబాయి మారుబేరం

రోశయ్య బాబాయి చేతిలో ఏ వస్తువూ వారం దాటి నిలిచేది కాదు. ఎదుటివాడి దగ్గరున్న దానికి మార్చేసేవాడు. గొడుగిచ్చి టార్చిలైటు, అదిచ్చి పందెం పుంజు, దాన్నిచ్చి కుంటి కుర్చీ తెచ్చాడు. "కుర్చీకి ఓ కాలు లేదు కదా బాబాయ్" అంటే, "పుంజుకి చెవుడు లేరా, వాడికింకా తెలీదు" అన్నాడు. పెళ్ళికెళ్ళి వేరే చెప్పులతో తిరిగొస్తే పొరపాటనుకునేరు, బేరమాడి తెచ్చుకున్నవే.

మా చెడుగుడు జట్టుకి ఆయనే పెద్ద. ఆటగాళ్ళు గీత లోపల ఎంత తిరిగేవాళ్ళో, ఆయన గీత బయట అంతకి రెట్టింపు తిరిగేవాడు. పందొమ్మిదివందల యాభైతొమ్మిదిలో ఆయన కన్ను పక్క ఊరి జట్టులో ఆడే బుడే మీద పడింది.

"మన జట్టులోంచి కోటిలింగాన్నీ ఆదాంనీ ఇచ్చేసి, ఆ బుడేని తెద్దాంరా" అన్నాడు మాతో.

"ఇద్దరికి ఒకడా?" అన్నాడు కోటిలింగం నొచ్చుకుని.

"నాకూ అదే అనుమానం. మీ ఇద్దరికీ వాణ్ణి ఇస్తారో ఇవ్వరో."

"వాడొచ్చి ఏం చేస్తాడు?"

"ఏం చెయ్యడు. ఆటంతా గట్టున కూచుంటాడు. మనవాళ్ళూ అవతలివాళ్ళూ అలిసిపోయి రొప్పేటప్పుడు, ఆఖరి పది నిమిషాల్లో దించుతాం. ఆట మొదలెట్టడానికి ఎవడైనా చాలు. ముగించడానికి ఊపిరి దాచుకున్నవాడు కావాలి."

ఆఖరి కూత పదేళ్ళుగా రాఘవులుది. పగలంతా జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తి, సాయంత్రం కూతకెళ్ళేవాడు. ఈ మాటతో అతని మొహం మాడిపోయింది.

"నన్ను దేనికి మారుస్తావ్ బాబాయ్, ఇంకో కుర్చీకా?"

"ఎవరన్నా అడిగితే చూద్దాం" అన్నాడు బాబాయి, ఆగకుండా నడుస్తూనే. రాఘవులు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

పెదకాకానిలో వినుకొండ వాళ్ళతో ఫైనలు. మారుబేరం కుదిరింది గానీ, బుడేమో వెంకటరావమ్మ గారి మిరప కల్లంలో పనివాడు. కాయ ఎండబోసి ఉంది, మబ్బు పట్టింది. తడిస్తే ఏడాది పంట తెల్లబడి పోతుంది. ఆవిడ బుడేని వదలనంది. బాబాయి తన సైకిలిస్తానన్నాడు.

"సైకిలు కాయ ఎత్తుతుందా? నాకు మనిషి కావాలయ్యా."

ఫైనలు రోజు బుడే వచ్చాడు. బాబాయే రాలేదు. పదేళ్ళలో ఆయన లేని ఆట అదొక్కటే. ఆఖర్లో మేం రెండు పాయింట్లు వెనక. రాఘవులు కూతకి లేచాడు, రెండడుగులేశాడు, దగ్గొచ్చి ఆగిపోయాడు. బుడే వెళ్ళాడు. ముగ్గుర్ని తాకి, ఒకే ఊపిరిలో గీత ఇవతలికొచ్చి పడ్డాడు. గెలిచాం.

"బాబాయి ఏడిరా?"

"మా కల్లంలో ఉన్నాడు" అన్నాడు బుడే. "నా బదులు ఆయన్నుంచుకుని నన్ను పంపింది అమ్మగారు."

అందరం అక్కడికే వెళ్ళాం. బాబాయి మూతికి తువ్వాలు చుట్టుకుని, కళ్ళూ ముక్కూ కారిపోతుంటే తుమ్ముతూ కాయ ఎత్తుతున్నాడు. వెంకటరావమ్మ గారు మాకు ఎదురొచ్చింది.

"ఈయన్ని తీసుకుపోయి నా బుడేని నాకిచ్చెయ్యండి. పొద్దుటినుంచీ నా కూలీల అన్నం మూటలన్నీ ఒకరివొకరికి మార్పించాడు. ఎవరి కూర ఎవరు తిన్నారో ఇంకా తగువే." తర్వాత గొంతు తగ్గించింది. "మీలో రాఘవులెవరు? నీకు గుండెల్లో దూది పట్టిందటగా నాయనా? చెబితే ఆటనుంచి తప్పుకోవట. ఆఖరి కూతలో పడిపోతావని మూడు రోజులు నా గుమ్మం ముందు తిరిగాడు."

రాఘవులు చొక్కా చేతులు మడిచి గంప అందుకోబోయాడు.

"ఇటివ్వు బాబాయ్, నేనెత్తుతా."

"ఈ ఘాటులోకి నువ్వెందుకురా? అల్లంత దూరాన గాలి తగిలే చోట కూచో. నేను ఆట చూళ్ళేదు. మొదటి కూత నుంచీ నువ్వు చెప్పు, కాయ నేనెత్తుతా. సరిపోయిందా?"

రాఘవులు చెప్పడం మొదలెట్టాడు. మధ్యలో అతనికి దగ్గొచ్చినప్పుడల్లా బాబాయి కల్లం అదిరేలా తుమ్మేవాడు, ఏది ఎవరిదో మాకు తెలియకుండా.