తొట్టెలో పెరిగిన నీళ్ళు

నా చిన్నప్పుడు కాకినాడలో జరిగిన సంగతి ఇది. నన్ను కోతలరాయుడంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. కావాలంటే తినే అన్నం మీద ఒట్టు.

మా తాతయ్య హార్బర్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. గాజుతొట్టెలో చేపల్ని పెంచేవాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు గానీ, వాళ్ళవన్నీ మంచినీళ్ళ చేపలు. ఉప్పునీళ్ళ చేపలు మా ఇంట్లోనే ఉండేవి. నారింజ రంగు మీద తెల్ల చారలున్న జంట అది, ఎవరో తెలిసినాయన మద్రాసు నుంచి తెచ్చిచ్చారు. ఎవరొచ్చినా మామ్మ కాఫీ కలిపేలోగా తాతయ్య తొట్టె చూపించేసేవారు. ఆ చేపలకీ గర్వం ఎక్కువే. నిక్కరు వేసుకున్నవాణ్ణి చూస్తే మొహం తిప్పుకునేవి.

ఎండాకాలం రెండు మూడు రోజులకే తొట్టెలో నీళ్ళు వేలెడు తగ్గేవి. సముద్రం చేపకి సముద్రం నీళ్ళే పొయ్యాలని తాతయ్య పట్టుదల. బీచి నుంచి డబ్బాలతో తెప్పించి, పాత పంచెలో వడగట్టి, అభిషేకం చేసినట్టు పోసేవారు. అలా నెలన్నర గడిచాక ఒక పొద్దున్న జంటలో ఒకటి వెల్లకిలా తేలింది.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ ముద్దాయిలే. మామ్మ అగరువత్తుల పొగ, పనమ్మాయి ఫినాయిలు, జీళ్ళు తిన్న నా చేతులు, దేన్నీ తాతయ్య నమ్మలేదు. అమ్మ బొట్టుబిళ్ళ ఒకటి తీసి, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో సరిగ్గా అక్కడ అద్దానికి అంటించారు. మూడు రోజులైంది. తాతయ్య చుక్క పొయ్యకపోయినా నీళ్ళు బొట్టు దగ్గరే ఉన్నాయి. నాలుగో రోజున బొట్టు మీదికి వచ్చాయి! తగ్గితే ఎండ అనుకుంటాం, పెరిగితే ఏమనుకోవాలి? తాతయ్య నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు. "ఒరేయ్, ఎవరో మన తొట్టె జోలికి వస్తున్నారు. ఓ కన్నేసి ఉంచు."

నా కన్ను పక్కింటి అక్క మీద పడింది. ఆవిడ సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో, ల్యాబ్‌లో పనిచేసేది. వాళ్ళాయనకి విశాఖలో ఉద్యోగం. వాళ్ళింట్లో ఫోన్ లేదు కాబట్టి రోజూ సాయంత్రం ఆయన మా ఇంటికే చేసేవారు. ఫోను తొట్టె పక్కనే ఉండేది. నేను దివాన్ కింద దూరి చూశాను. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "ఊఁ... తిన్నారా? ఏం కూర?" అంటూనే, అక్క సంచీలోంచి తెల్ల ప్లాస్టిక్ క్యాన్ తీసి నెమ్మదిగా తొట్టెలో వంచింది. క్యాన్ మీద బ్యాటరీ బొమ్మ ఉంది. బ్యాటరీ అంటే నాకు తెలిసింది యాసిడ్ ఒక్కటే. అంతకుముందే మెకానిక్ షాపు దగ్గర నా నిక్కరుకి చిల్లి పడింది మరి. బొమ్మ కింద ఏం రాసుందో చదువుదామన్న బుద్ధి పుట్టలేదు.

"తాతయ్యా! అక్క చేపకి యాసిడ్ పోసేస్తోంది!"

ఇంటిల్లిపాదీ వచ్చేశారు. అక్క తొణకలేదు. ఫోను పెట్టేసి, మామ్మనడిగి గ్లాసు తెప్పించుకుని, క్యాన్‌లోంచి నిండా వంపుకుని గటగటా తాగేసింది. "డిస్టిల్డ్ వాటరండీ బాబాయిగారూ, బ్యాటరీల్లో పోసే ఉత్త నీళ్ళు. ఎండకి ఆరేది నీళ్ళే గానీ ఉప్పు ఆరదు కదండీ. అది తొట్టెలోనే ఉంటుంది, మీరు దానిమీద మళ్ళీ ఉప్పునీళ్ళే పోస్తున్నారు. పోనీ కుళాయి నీళ్ళంటే బ్లీచింగు, బోరు నీళ్ళంటే అవీ ఉప్పే. అందుకని రోజుకో గ్లాసు చొప్పున ఇవి కలుపుతున్నా. ఒక్కసారే పోసేస్తే చేప తట్టుకోలేదు. ముందు మీతో చెప్పానండీ, రొయ్యలూ ఇవీ ఒకటేనా అమ్మాయ్ అని కొట్టిపారేశారు." తాతయ్య తొట్టెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించారు. మర్నాటి నుంచి మా ఇంట్లో మొదటి కాఫీ అక్కకే. రెండో చేప చాలా ఏళ్ళు బతికింది.

బాగుంది కదా? గ్లాసు దగ్గర్నుంచి ఇదంతా నేను కల్పించిందే. ఒట్టు సంగతి ఆ అన్నమే చూసుకోవాలి.

అక్కకి ఎవరూ గ్లాసు ఇవ్వలేదు. మాట్లాడే సందే ఇవ్వలేదు. ఎప్పుడూ అమ్మాయ్ అని పిలిచే తాతయ్య ఆ రోజు చాలా మర్యాదగా, "ఇక మీరు ఫోన్‌కి వేరే ఇల్లు చూసుకోండి," అన్నారు. పైన రాసిన మాటలు ఆవిడ అన్నవే, కాకపోతే గేటు దగ్గర నాతో అంది. "తాతగారికి నువ్వు చెప్పరా నాన్నా, నీ మాటైతే వింటారు," అని కూడా అంది. దొంగని పట్టిన మొనగాణ్ణని అందరూ మెచ్చుకుంటుంటే ఎలా చెప్పను? చెప్పలేదు. తాతయ్య మళ్ళీ సముద్రం నీళ్ళే పోశారు. ఐదో రోజున రెండోదీ తేలింది.

అక్క వదిలేసిన క్యాన్ ఫోను పక్కనే ఉంది. ఎవరూ చూడకుండా మూత తీసి ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను. ఏ రుచీ లేదు. మూత పెట్టేసి చదువుకోవడానికి కూర్చున్నాను.

ఇప్పటికీ ఎవరిమీదైనా అనుమానం వస్తే, గట్టిగా అరిచేముందు ఆ రుచిలేనితనం నాలిక మీదికి వస్తుంది. నోరు మూసుకుని, ముందు వాళ్ళని చెప్పనిస్తాను. ఈ కథ మాత్రం ఎన్నిసార్లు చెప్పినా, అక్క చేతికి గ్లాసు ఇవ్వకుండా ఉండలేకపోతున్నాను.