పోయొచ్చే బండ మీద నాయిన రాయి

మా చిన్నప్పుడు... చలికాలం ఎండ వెచ్చగా ఎక్కే వేళకు, మేకల వెనకాల తాతతో కలిసి లోయలోకి దిగేదాన్ని. అచ్చంపేట దాటాక అడవి అంచున మా ఊరు. ఊరి నుంచి ఒక కాలిబాట కొండ కొసదాకా పోయి, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ కృష్ణ ఒడ్డుకు దిగుతుంది.

రెండు కొండల నడుమ నది... పచ్చగా, చప్పుడు లేకుండా. మిట్టమధ్యాహ్నం అయితే గానీ ఎండ నీళ్లదాకా చేరదు. వెచ్చబడిన రాళ్ల మీద కూర్చుని, అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు తినేవాళ్లం. నా ఒడినిండా ఉసిరికాయలే...

దిగుడు మొదలయ్యే చోట ఒక బల్లపరుపు బండ ఉంది. పోయొచ్చే బండ అంటారు. కిందికి దిగే ప్రతి మనిషీ "పోయొస్త" అని దాని మీద ఒక రాయి పెట్టాలి. ఎక్కి వచ్చాక "వచ్చిన" అని ఒక రాయి తీసెయ్యాలి. సాయంత్రం అందరికన్నా వెనక ఇల్లు చేరే కాపరి ఆ బండను చూసి వస్తాడు. రాయి మిగిలి ఉందంటే ఎవరో కింద ఉండిపోయినట్టే. పదిమందిని పిలుచుకుని వెతకడానికి దిగుతారు. అంతే... ఇంకే పూజా లేదు, మొక్కూ లేదు.

తెలంగాణ వచ్చిన ఏడు నేను నాలుగో తరగతి. ఒక ఆదివారం తాత మా ఇద్దరి రాళ్లూ తీసేసి, మేకలను అదిలిస్తూ ముందు నడిచాడు. నేను వెనక ఆగి, అదే బండ మీద ఏడు రాళ్లతో బొమ్మరిల్లు కట్టుకుని, ఇంటికి పోయి హాయిగా అన్నం తిన్నాను.

పొద్దుగూకేసరికి ఊళ్లో మగవాళ్లంతా దిగుడు దారిలో ఉన్నారు. ఏడు రాళ్లు... ఏడుగురు మనుషులు. మా ఊరివాళ్లు కాకపోతే పక్క ఊరివాళ్లేమోనని గొంతులు పోయేదాకా పిలిచారు. మోకాళ్లు గీరుకుపోయి పైకి వచ్చాక, "నేనే... ఇల్లు కట్టిన" అని నోరు విప్పాను. తాత నా చెంప మీద ఒక్కటిచ్చాడు.

"రాళ్లు కావే గవి. మనుషులు."

తెల్లారి నన్ను బండ దగ్గరికి తీసుకుపోయాడు. "ఒక్కొక్కటి తియ్యి. తీసినప్పుడల్లా మనింట్ల ఒకల పేరు చెప్పు." తాత, అవ్వ, అమ్మ... నాయిన పేరు చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. అయినా ఆ దెబ్బకు తాత మీద చాలా రోజులు కోపం పోలేదు.

ఇప్పుడు ఆ కోపం లేదు. ఇప్పుడున్నది వేరే కోపం.

ఆదివారం వస్తే ఊరి ముందు పట్నం కార్లు. రంగురంగుల బూట్లు, చెవులు పగిలే పాటలు... బండ మీద నడుమెత్తు రాళ్లు. రాయి పెట్టి, కళ్లు మూసుకుని, ఏదో కోరుకుని, ఫోటో దిగి కిందికి పోతారు. తిరిగొచ్చి తీసేవాడు ఒక్కడూ లేడు. పేరు కూడా మార్చేశారు... కోరికల బండ అట.

మొన్న చలికాలంలో తప్పిపోయిన మేకపిల్ల కోసం నాయిన ఒక్కడే దిగాడు. రాయి పెట్టే దిగాడు. కాలు జారి, ఎముక విరిగి, బండల సందులో పడ్డాడు. అక్కడ ఫోను పలకదు. అమ్మేమో, నాయిన మేకపిల్లను వెతుక్కుంటూ పోయి పక్క ఊళ్లో మేనత్త ఇంట్లో ఆగాడనుకుంది. తెల్లారి ఎండెక్కాక గానీ దొరకలేదు. చలికి బిగుసుకుపోయి, మాట కూడా రాలేదట.

ఆ సాయంత్రం అందరికన్నా వెనక వచ్చింది మల్లయ్య మామ. బండ చూడలేదా అని అడిగాను.

"ఏం జూడాలె బిడ్డా? దినాం గన్ని రాళ్లుంటె, ఏది ఎవలదని జూడాలె? జూసుడే బంద్ వెట్టినం."

నాయిన నడుస్తాడు గానీ ఇక దిగుడు దిగలేడని దవాఖానలో చెప్పారు. ముప్పై ఏళ్లు దిగిన మనిషి...

ఒళ్లు మండి, మొన్న ఆదివారం బండ దగ్గరికి పోయి నిలబడ్డాను. టోపీ పెట్టుకున్న ఒకతను రాయి పెడుతున్నాడు. తియ్యమన్నాను. నవ్వాడు. "ఇది మీ ఊరి ఆచారమేనండీ. మీకే తెలియదా?" అని ఫోను చూపించాడు.

నేను తీసిన బండ ఫోటో. నా మాటలు. మూడేళ్ల కింద నల్గొండ హాస్టల్లో ఊరి మీద బెంగతో నేనే ఈ పేజీలో రాశాను... "దిగేముందు బండ మీద ఒక రాయి పెట్టడం మా ఊరి ఆచారం." ఎంత బాగుందో అని మీరంతా పంచుకున్నారు. పొంగిపోయాను. పెట్టడం రాశాను... తీయడం రాయలేదు. ఫోటోలో అందంగా పడేది పెట్టిన రాయే కదా.

తాత ఉంటే రెండో చెంప కూడా పగిలేది. పగలాల్సిందే.

వంగి రాళ్లు తీయడం మొదలుపెట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. చుట్టూ నిలబడి వీడియోలు తీశారే తప్ప, ఒక్కరూ చెయ్యి కలపలేదు.

ఇంటికొస్తే నాయిన మంచం మీది నుంచే అడిగాడు.

"నా రాయి తీసినవా బిడ్డా?"

"ఏది నీదో తెల్వలే నాయినా... అన్నిటికీ నీ పేరే చెప్పి తీసిన."

"అయితే నేను వచ్చినట్టే బిడ్డా," అని నాయిన కళ్లు మూసుకున్నాడు.

ఈ ఆదివారానికి బండ మళ్లీ నిండిపోయింది.

అందుకే ఆనాడు రాయని సగం ఇప్పుడు రాస్తున్నాను. ఎక్కి వచ్చాక మీ రాయి మీరు తీయండి. "వచ్చిన" అని చెప్పి తీయండి. ఆ పాత ఫోటో పంచుకున్న చేత్తోనే దీన్నీ పంచుకోండి.

మీ ఊళ్లలో కూడా ఇలాంటివి ఉండే ఉంటాయి... కింద రాయండి, చదువుతాను. రాస్తే మాత్రం పూర్తిగా రాయండి.