జలంధర్ కట్టిన ముడి

కొండలెక్కేవాడు కొండ అన్నదే లేని దేశానికి ఎందుకు పోయాడు? జలంధర్‌ను ఈ మాట అడగని మనిషి లేడు. ఖతార్ మొత్తం వెతికినా మూడొందల అడుగులకు మించి పెద్దగా ఎత్తు కనబడదు. జగిత్యాల పక్కన అతని ఊరి గుట్టే అంతకు రెట్టింపు. అడిగిన ప్రతివాడికీ అతనిది ఒకటే జవాబు: దేవుడు కొండలు పెట్టడం మరిచిపోయిన చోట మనుషులు కట్టుకున్నారు, వాటి అద్దాలు ఎవరో ఒకరు తుడవాలి కదా అని. అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు, కుడిచెయ్యి మాత్రం జేబులోంచి తీసేవాడు కాదు.

అతని కథ ఒక మేకతో మొదలైంది. ఊరి గుట్ట మీద రాతి అంచున అది ఇరుక్కుపోతే, పెద్దలంతా కింద నిలబడి సలహాలు ఇస్తుండగా, పద్నాలుగేళ్ళ జలంధర్ ఎక్కి దాన్ని మెడ చుట్టూ వేసుకుని దిగాడు. బడిలో డ్రిల్లు మాస్టారు అది చూసి భువనగిరి పంపించాడు. అక్కడ కోట గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్పే ఒక గురువు దగ్గర మూడేళ్ళున్నాడు. ఆ గురువుకు ఒక పాడు అలవాటు. అప్పుడప్పుడు కావాలనే తప్పుముడి కట్టి, శిష్యుల్లో ఎవడు కనిపెడతాడో చూసేవాడు. కనిపెట్టనివాడు గుట్ట చుట్టూ పరుగెత్తాలి. జలంధర్ ఒక్కసారే పరుగెత్తాడు.

ఆ తర్వాత మనాలి వైపు తొమ్మిది సీజన్లు గైడుగా పనిచేశాడు. ఆరు వేల మీటర్లు దాటిన శిఖరం మీద నాలుగుసార్లు నిలబడ్డాడు. జిల్లా పేపర్లో ఫొటో పడింది, కింద పేరు మాత్రం తప్పు పడింది. కాని అతను చెప్పుకునే గొప్ప శిఖరం కాదు. తన తాడు పట్టుకుని పైకి వచ్చినవాళ్ళు రెండొందల పన్నెండు మంది. ఆ రెండొందల పన్నెండు మందీ తమ కాళ్ళ మీదే కిందికి దిగారు. ఎక్కించేవాడు ఎవడైనా ఉంటాడు, దింపినవాడే గైడు అనేవాడు.

ఆఖరి సీజన్లో గురుప్రసాద్ అని హైదరాబాదు బ్యాంకు ఆఫీసరు ఒకాయన వచ్చాడు. దిగేటప్పుడు గాలివానలో ఆయన చేతి తొడుగు ఎగిరిపోయింది. జలంధర్ తన తొడుగు తీసి ఆయనకు తొడిగి, ఉత్త చేత్తో గంటసేపు మంచు పట్టిన తాడును పట్టుకుని ఆయన్ను దింపాడు. కుడిచేతి వేళ్ళు నల్లబడ్డాయి. ఆస్పత్రి వాళ్ళు వేళ్ళను దక్కించారు కాని చివరి రెండింటికీ స్పర్శ తిరిగి రాలేదు. గురుప్రసాద్ హైదరాబాదులో సభ పెట్టించి శాలువా కప్పించాడు. మంచి మనిషే. శాలువా భుజాలకు పనికొస్తుంది, వేళ్ళకు కాదు.

ఏడాదికి నాలుగు నెలల పనితో సంసారం సాగదని భార్య విజయరాణి తేల్చి చెప్పింది. దోహాలో ఎత్తైన భవనాల మీద తాళ్ళతో వేలాడుతూ పనిచేసేవాళ్ళు కావాలని తెలిసి, ముప్పై అయిదో ఏట విమానమెక్కాడు. అది జరిగి పదకొండేళ్ళు. ఊళ్ళో ఇప్పటికీ అతన్ని దుబాయ్ పోయిండు అనే అంటారు.

కంపెనీలో అతనికి పేరు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కొత్తగా వచ్చినవాళ్ళకు తాడు పని నేర్పే బాధ్యత అతనికే అప్పగించారు. అందరికీ మొదటి రోజే ఒక నియమం చెప్పేవాడు. తాడును ఎనిమిది అంకెలా తిప్పి, కొసను మళ్ళీ అదే దారిలో వెనక్కి నడిపించి, డాబా మీది ఇనుప రింగుకు ముడి వేస్తారు. ఒకడు కడతాడు. రెండోవాడు ఆ ముడి మీద వేలు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా నడిపించి, సూసిన అనాలి. ఆ మాట వినబడే దాకా ఎవరూ పిట్టగోడ మీద కాలు వెయ్యకూడదు. కట్టినవాడు అన్న కానీ తమ్ముడు కానీ, ముడిని మాత్రం నమ్మవద్దు. నమ్మకపోవడమే ఈ పనిలో మర్యాద.

ఈ నియమాన్ని అందరూ పాటించారు, ఒక్క జలంధర్ విషయంలో తప్ప. హిమాలయాల మీద రెండొందల మందిని దింపినవాడు కట్టిన ముడి మీద వేలు పెట్టడానికి వాళ్ళకు చెయ్యి రాలేదు. పెళ్ళిలో పెద్దాయన చదివిన మంత్రం తప్పో ఒప్పో అని పక్కనుంచి పుస్తకం తీసినట్టు ఉండేది వాళ్ళకు. అతను కట్టగానే సూసిన అన్నా అనేవాళ్ళు, చూపు మాత్రం బకెట్ల మీదో తువ్వాళ్ళ మీదో ఉండేది. జలంధర్‌కు ఇది తెలుసు. మొదట్లో తిట్టాడు. పోనుపోను తిట్టడం మానేశాడు. ఎందుకు మానేశాడంటే, లోపల ఎక్కడో అది బాగుంది. ఇందులో దాచడానికేమీ లేదు, మనిషి అన్నాక ఆ మాత్రం పొగరు ఉంటుంది.

రెండేళ్ళ కిందట షుగర్ మొదలైంది. చివరి రెండు వేళ్ళతో ఆగిన మొద్దుతనం మెల్లగా మధ్యవేలికి, చూపుడువేలికి, చివరకు బొటనవేలికి పాకింది. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే అద్దం కావలసి వచ్చింది. కంపెనీ డాక్టరు ఏటా బీపీ చూస్తాడు, కళ్ళు చూస్తాడు, వేళ్ళను అడిగేవాడు లేడు. జలంధర్ చెప్పలేదు. తాడు దిగితే తను ఎవరో అతనికే తెలియదు. ఇన్నాళ్ళూ వేళ్ళతో కట్టిన ముడిని ఇప్పుడు కళ్ళతో కట్టడం నేర్చుకున్నాడు. కళ్ళు బాగున్నంత కాలం బండి నడిచింది.

సెప్టెంబరులో ఒక పొద్దున దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో ఒక ఆఫీసు భవనం పని పడింది. ఎండ ముదరకముందే ముగించాలని అయిదింటికే డాబా ఎక్కారు. గాలి నిండా తడి. ఒళ్ళంతా చెమట, చెమట కళ్ళలోకి దిగుతోంది. జతగాడు రాజేశం, కోరుట్ల మనిషి, ఏడేళ్ళుగా అతని శిష్యుడు. జలంధర్ అతనికి రెండు తాళ్ళూ కట్టాడు, బరువు మోసే పని తాడు ఒకటి, అది పోతే మనిషిని ఆపే రెండో తాడు ఒకటి. రాజేశం సూసిన అన్నా అని, నడుముకు బకెట్ తగిలించుకుని, పిట్టగోడ మీదికి ఒక కాలు వేశాడు.

అప్పుడు జలంధర్ కళ్ళు తుడుచుకుని ముడి వైపు చూశాడు. పని తాడు కొస వెనక్కి నడవలేదు. సగం దూరంలో ఆగి, ఊరికే పక్కన పడుకుని ఉంది. బరువు పడితే జారిపోయే ముడి. రెండో తాడు ముడి సరిగ్గానే ఉంది, కాని అదీ ఆ వేళ్ళు కట్టిందే, దాన్నీ ఎవరూ చూడలేదు. జలంధర్ ఒక్క అంగలో వెళ్ళి రాజేశం నడుము పట్టీ పట్టుకుని వెనక్కి లాగాడు. బకెట్ ఒలికి, ఇద్దరూ ఆ నీళ్ళలో పడ్డారు.

సరిగ్గా ఆ సమయానికే సూపర్‌వైజర్ ముజఫ్ఫర్ అలీ మెట్లెక్కి వచ్చాడు. నిజామాబాద్ వాడు, నెమ్మదైన మనిషి, పనిలో మాత్రం గీత దాటనివ్వడు. ముడి చూశాడు, పడి ఉన్న ఇద్దరినీ చూశాడు, ఏమైందని అడిగాడు. జలంధర్ నోరు తెరిచాడు. భువనగిరి గురువు అతని నోట్లోంచి మాట్లాడాడు.

"కావాలనే కట్టిన సాబ్. సూస్తడో సూడడో అని."

ఆ ఒక్క మాటతో అంతా మారిపోయింది. వారం తిరగకముందే సేఫ్టీ మీటింగులో జలంధర్‌ను ముందు వరసలో నిలబెట్టి, ఉస్తాద్ అంటే ఇలా ఉండాలని చెప్పి సర్టిఫికెట్ ఇచ్చారు. విజయరాణికి ఆ ఫొటో చేరింది, ఆమె వాడకట్టంతా చూపించుకుంది. రాజేశాన్ని తాడు మీద నుంచి తీసేశారు. మెసైమీర్‌లోని కంపెనీ స్టోరులో బకెట్లు కడిగే పని ఇచ్చి, నెలాఖరుకు వీసా రద్దు చేసి ఇంటికి పంపాలని కాగితం తయారైంది. కారణం కూడా రాశారు: ముడి చూడకుండానే చూశానన్నాడు. ఆ కాగితం వెంట ఉన్నవాడిని మళ్ళీ ఏ కంపెనీ తాడు ఎక్కించదు.

జలంధర్‌కు అన్నం సయించలేదు. రెండొందల పన్నెండు మందిని దింపానని చెప్పుకునే నోటితోనే ఒకణ్ణి తోసేశాడు. ఈ మాట తనకు తానే అనుకుని, పక్క మీద అటు తిరిగి పడుకునేవాడు. సిగ్గు వేసింది. భయం కూడా వేసింది, ఆ రెండింటిలో ఏది ఎక్కువో తేల్చుకోవడానికి పది రోజులు పట్టింది.

సెలవురోజు శుక్రవారం, పనివాళ్ళంతా చేరే ఏషియన్ టౌన్‌లో క్రికెట్ గ్రౌండు పక్కన రాజేశాన్ని కూర్చోబెట్టి, చాయ్ తాగుతూ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పరీక్ష లేదు, పాడు లేదు, వేళ్ళకు తెలియక తప్పు కట్టానన్నాడు. రాజేశం విన్నంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. చివరికి కళ్ళు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నా బాధ సూడలేక గిట్లంటున్నవ్ అన్నా. నువ్వు తప్పు ముడి కట్టుడేంది? తప్పు నాది. నేను సూడలే."

జలంధర్ ఒట్టు పెట్టాడు. రాజేశం ఇంకా ఏడ్చాడు. తన కోసం ఇంత పెద్ద మనిషి అబద్ధం ఒట్టు వేస్తున్నాడని ఏడ్చాడు. పట్టుకున్న చెయ్యిని అతను గట్టిగా నొక్కుతున్నాడని జలంధర్‌కు చూస్తేనే తెలిసింది.

మర్నాడు డ్యూటీకి ముందే ముజఫ్ఫర్ అలీ గదికి వెళ్ళాడు. అక్కడా ఉన్నది ఉన్నట్టే చెప్పాడు, అక్కడా అదే కథ. ముజఫ్ఫర్ అలీ అంతా విని, కుర్చీ జరిపి, చాయ్ తెప్పించాడు. జలంధర్ భాయ్, నీ దిల్ పెద్దది, శిష్యుడి కోసం సొంత పేరు చెడగొట్టుకుంటానంటున్నావు, కాని నియమం నియమమే అన్నాడు. కాగితం సాయంత్రం పైకి పోతుందని కూడా చెప్పాడు.

పదకొండేళ్ళు, అంతకు ముందు తొమ్మిది సీజన్లు, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు కట్టుకున్న పేరు. ఇప్పుడు అది గోడలా అడ్డం నిలబడి, నిజాన్ని లోపలికి రానివ్వడం లేదు. జలంధర్‌కు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. టేబుల్ మీద కాగితాల పక్కన గుండుసూదుల డబ్బా కనబడింది. దాన్ని ముజఫ్ఫర్ అలీ ముందుకు తోసి, కుడిచెయ్యి వెల్లకిలా టేబుల్ మీద పెట్టాడు.

"నేను కండ్లు మూసుకుంట సాబ్. మీకు ఇష్టమొచ్చిన వేలికి గుచ్చుండ్రి. గుచ్చంగనే జెప్త."

ముజఫ్ఫర్ అలీ వద్దన్నాడు. జలంధర్ చెయ్యి తీయలేదు, కళ్ళు మూసుకున్నాడు. ఏసీ చప్పుడు వినబడుతోంది. బయట సైటుకు పోయే బస్సులో ఎవరో యల్లా యల్లా అని తొందర పెడుతున్నారు. జలంధర్ ఓపికగా ఎదురుచూశాడు. మెత్తని మనిషి, చెయ్యి రావడం లేదనుకున్నాడు.

"గుచ్చుండ్రి సాబ్, ఏం గాదు."

సూదుల డబ్బా పక్కకు జరిపిన చప్పుడైంది, వెనకే ముజఫ్ఫర్ అలీ గొంతు వినబడింది.

"కండ్లు తెరువు భాయ్. మూడుసార్లు గుచ్చిన."

జలంధర్ చూశాడు. చూపుడువేలి మీద, మధ్యవేలి మీద ఒక్కో నెత్తురు బొట్టు. మూడో సూది బొటనవేలిలో నిలబడి ఉంది. ముజఫ్ఫర్ అలీ దాన్ని తీసి, వేలికి దూది అద్ది, రాజేశం కాగితాన్ని నిలువునా చింపాడు. కొత్త కాగితం తీసి, ఇక తాడు ఎక్కకూడనివాడని అందులో జలంధర్ పేరు రాసి, పెన్ను అతని వేళ్ళ మధ్య పెట్టాడు. పెన్ను చేతిలో ఉందో లేదో కళ్ళతో చూసుకుని, జలంధర్ సంతకం పెట్టాడు.