ఆది జాకెట్టు చెప్పని కొలత

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వేరుశనగ విత్తడానికి ఇంకా వాన పదును దొరకని ఒక జూన్ నెలలో, నన్ను అనంతపురం దగ్గర మహిళా కానిస్టేబుళ్ల శిక్షణకు డ్రిల్ నేర్పే పని మీద వేశారు. నా హోదా హెడ్ కానిస్టేబుల్. పైన ఒక ఎస్సై, ఆయన పైన ఇన్‌స్పెక్టర్. తెల్లవారకముందే స్క్వాడ్‌ను ఫాలిన్ చేయించడం, అంటే వరసలో నిలబెట్టడం, ఆ తర్వాత పరుగు, కవాతు నా బాధ్యత.

ఆ మైదానం ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఎర్రటి దుమ్ము నడుము దాకా లేచి అక్కడే ఆగిపోయేది. దాని మీద అమ్మాయిల భుజాలూ తలలూ మాత్రమే తేలిపోతున్నట్టు ఉండేది. దూరంగా గుట్టల మీద గాలిమరలు నిద్రలో ఒత్తిగిలినంత నెమ్మదిగా తిరిగేవి. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చి, దూరమై, మళ్లీ దగ్గరికొచ్చేది.

ఆ తలల్లో ఒకటి రోజూ ఒకే మలుపు దగ్గర దుమ్ములో మునిగిపోయేది. అది వన్నూరమ్మది. బెళుగుప్ప వైపు పిల్ల, గొర్రెల వెంట పరుగెత్తి పెరిగింది. ఎంపిక పరుగులో ముందు వరసలో వచ్చింది. ఇక్కడ మాత్రం సగం దూరానికే ఫాల్ అవుట్ అయ్యేది, అంటే వరస వదిలి పక్కన కూలబడేది. డాక్టరు చూసి గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయని రాశారు. అయితే ఇది బద్ధకమేనని ఇన్‌స్పెక్టర్‌గారు తేల్చారు. వచ్చే పరుగు పరీక్షలోనూ ఆగితే ఇంటికి పంపమని రాస్తానని, ఆ సంగతి ఆమెకు చెప్పమని నన్ను ఆదేశించారు.

చెప్పాను. ఆమె రెండు భుజాలూ రుద్దుకుంటూ వింది.

"యాడ నొస్తాంది?" అన్నాను.

"ఈడ మేడమ్. ఊపిరి గూడా ఆడల్యా."

బ్యారక్ గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి, ఆమె ఒప్పుకున్నాకే చూశాను. బ్రా పట్టీలు భుజాల్లోకి గాడులు పడేలా దిగబడ్డాయి. వీపు మీది పట్టీ పైకి పాకి రెక్కల ఎముకల మధ్య చేరింది. దాని మీదుగా ఛాతీ చుట్టూ చున్నీ బిగించి కట్టుకుంది. అంత వదులుగా ఊగుతుంటే అందరూ చూస్తారని సిగ్గట.

"మా గార్లదిన్నెలో చెనక్కాయ మూటకు గూడా అంత బిగీగా కట్టరు మేడమ్," అని గదిలోనే ఉన్న పక్క మంచం అమ్మాయి నవ్వింది.

"నువ్వు నోర్ముయ్యే," అని వన్నూరమ్మ కసిరింది. తర్వాత నాతో, "ఆది జాకెట్టు తీస్కపోయే కొన్న్యా మేడమ్. అంగడాయన కొలిచి ముప్పై ఆరన్న్యాడు," అంది.

ఆది జాకెట్టు అంటే, కొలత కోసం దర్జీకి ఇచ్చే, ఒంటికి సరిపోయిన పాత రవికె. ఊళ్లో ఆమె బిగుతు రవికె మీదే చొక్కా తొడుక్కుని పరుగెత్తింది. ఇక్కడికొచ్చాక బ్రా కొనాల్సి వచ్చి, ఆ రవికె అంకెనే అడిగింది.

జిల్లా గ్రంథాలయంలో నేను తెరవని అర లేదంటే అతిశయం కాదు. చదువు పదో తరగతితో ఆగినా, సెలవు దొరికితే అక్కడి ఫ్యాను కింద ఏదో ఒక పుస్తకంలో మునిగి ఉండేదాన్ని. కుట్టుపని మీది పుస్తకమొకటి, ఆటగాళ్ల దేహం మీది పుస్తకమొకటి ఆ గదిలో నా కళ్ల ముందు తెరుచుకున్నట్టయింది. రవికె అంకె ఛాతీ నిండైన చోటిది. బ్రా అంకె దాని కింద, పక్కటెముకల చుట్టూ తిరిగే పట్టీది. ఈ రెండు కొలతల మధ్య తేడాను అక్షరం చెబుతుంది. అంగుళం తేడా అయితే ఏ, రెండైతే బీ, అలా.

టేపు తెచ్చాను. పైన ముప్పై ఆరు. కింద ముప్పై రెండు. తేడా నాలుగు.

"ముప్పై రెండు, డీ," అన్నాను.

"డీ నా? నాకా! అది లావైనోళ్లకు గదా మేడమ్?"

అక్షరం మనిషి లావును చెప్పదని వివరించాను. ఆమె వేసుకున్న ముప్పై ఆరు బీ గిన్నె, అంటే కప్పు, ముప్పై రెండు డీ గిన్నె దాదాపు ఒకటే. మారేది పట్టీ. మన నడుముకు బెల్టు ఎలాగో దానికి ఆ పట్టీ అలాగ. బరువు మోయాల్సింది అదే. అది వదులైతే బరువంతా భుజాల మీద పడుతుంది. ఆ ఊపు ఆపాలని పైన చున్నీ బిగిస్తే ఊపిరి ఆడదు.

ఆదివారం అనుమతి తీసుకుని ఊళ్లోకి వెళ్లాం. మొదటి అంగడిలో ఆ సైజు లేదు. రెండో దాంట్లో దుమ్ము పట్టిన పెట్టె అడుగున దొరికింది. కంపెనీని బట్టి కొలత కొంచెం మారుతుంది కాబట్టి తొడిగి చూడాల్సిందే. సాగేకొద్దీ బిగించుకునే వీలుండాలని అన్నిటికంటే వదులైన చివరి కొక్కేనికి పెట్టించాను. ముందుకు వంగి సర్దుకోమన్నాను. వీపు పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకు మించి కాదు. చేతులెత్తినా అది పైకి పాకకూడదు. చివరికి ఎగరమన్నాను. ఎగిరింది.

"ఏమమ్మా, అంగడి పడగొడ్తారా యేంది?" అని బయటి నుంచి యజమాని కేకేశాడు.

లోపల వన్నూరమ్మ కళ్లు మూసుకుని నిండుగా ఊపిరి తీసుకుంటోంది. "ఏమీ ఏసుకోనట్టే ఉండాది మేడమ్," అంది, కలలో మాట్లాడుతున్నట్టు.

పరీక్ష రోజు దుమ్ము ఎప్పటిలాగే లేచింది. తలలు తేలుతూ ఆ మలుపు చేరాయి. నేను విజిల్ పట్టుకుని చూస్తున్నాను. ఏ తలా మునగలేదు. ఒకటి మాత్రం మిగతావాటిని దాటుకుంటూ ముందుకు వచ్చింది. ఏం చేశావని ఇన్‌స్పెక్టర్‌గారు అడిగారు. కిట్ సరిచేశామని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగకుండా ఆమెను పాస్ చేశారు.

ఆ తర్వాత నా చేతికి వచ్చిన ప్రతి స్క్వాడ్‌కూ బూట్ల కొలత తీసిన రోజే, తలుపులు వేసిన గదిలో ఈ కొలత కూడా తీయించాను. ఒక పనికి తీసిన కొలత ఇంకో పనికి చెల్లదు. పరుగు ఆగినప్పుడు కాళ్లనూ గుండెనూ చూసి ఊరుకోకూడదు, బరువు ఎక్కడ వేలాడుతోందో కూడా చూడాలి. నేను ఆ మైదానంలో నేర్చుకున్నది ఇదే.