లామినేట్ చేసిన మందుల చీటీ

2023 జూన్ నాటికి మైలాపూరులో రైలు స్టేషనుకి వెళ్లే సందు మొదట్లో ఉన్న మెడికల్ షాపులో నేను ఫార్మసిస్టుగా పద్దెనిమిదేళ్లు పూర్తి చేశాను. షాపుకి వచ్చేవాళ్లలో రాజేశ్వరమ్మంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. రవికలు కుట్టే మనిషి. తన మందుల చీటీని లామినేట్ చేయించుకుంది. నలిగిపోయి, నూనె మరకలతో వచ్చే చీటీల మధ్య అది తళతళా మెరిసేది. “చీటీ అంటే ఇట్లా దాచుకోవాలి” అని మిగతావాళ్లకి చూపించేదాన్ని కూడా. నా తెలివి అట్లా ఏడిచింది.

చీటీలో ఉన్న మందు ఆల్ప్రజోలం. ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మాత్ర. ఇది షెడ్యూల్ మందు, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అదే చీటీతో మళ్లీ మళ్లీ కొనకుండా, అమ్మిన ప్రతిసారీ దాని మీద షాపు స్టాంపు, తేదీ వేయాలి. ప్లాస్టిక్ మీద స్టాంపు నిలుస్తుందా? మొదట్లో రెండుసార్లు వేసి చూశాను, చెరిగిపోయింది. తర్వాత మానేశాను. ఆమె చీటీ చూపించేది, నేను స్ట్రిప్పులు తీసి కవర్లో వేసేదాన్ని. అట్లా పన్నెండేళ్లు గడిచాయి.

ఆ జూన్‌లో ఒక రోజు పొద్దున్నే, నేను షట్టరు ఎత్తుతుండగానే వచ్చింది. ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి.

“నాలుగు దినాలైంది మా, నిద్రే లేదు. గుండె దడదడా కొట్టుకుంటా ఉండాది. సూదిలో దారం ఎక్కించలేకుండా ఉండా.”

“మాత్ర వేసుకోలేదా అమ్మా?”

“నా కూతురు కొత్త డాక్టరు కాడికి పిల్చుకోని పోయింది. నీకు అడిక్షన్, ఈ పొద్దుతో నిలిపెయ్ అనేసినాడు ఆయన. నిలిపేస్తిని. ఇంట్లో అందరూ నన్ను తాగుబోతును చూసినట్టు చూస్తా ఉండారు. నేనేం తప్పు చేసినాను చెప్పు? రాసిచ్చిందే కదా మింగినాను!”

నాకు ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి వాడిన ఈ రకం మందుని ఒక్కరోజులో ఆపితే శరీరం ఎదురు తిరుగుతుంది. దాన్నే విత్‌డ్రాయల్ అంటారు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. అంత చదువు చదివినాయన నోటికి ఆ మాట ఎట్లా వచ్చింది? అసలు ఇన్నేళ్లు వాడమన్న మహానుభావుడెవరో చూసి ఆయన్నీ నాలుగు తిడదామని చీటీ చేతిలోకి తీసుకున్నాను.

చివరి లైన్లో ఉంది: పదిహేను రోజులకు మాత్రమే.

ఆమె భర్త చనిపోయిన నెలలో, నిద్ర పట్టక అల్లాడుతుంటే ఆ డాక్టరు రాసిచ్చిన చీటీ అది. ఆయన తప్పేమీ లేదు. ఆ లైను పన్నెండేళ్లు నా కళ్ల ముందే ఉంది. నేను మందు పేరు చదివాను, డోసు చదివాను, అక్కడితో ఆగిపోయాను. తిట్టాల్సినవాళ్లలో నేనే మొదటిదాన్నని అప్పుడు తెలిసింది.

“ఇది పదిహేను రోజులకే రాశారు కదమ్మా” అన్నాను.

“నాకు ఇంగ్లీషు ఏం తెలుస్తుంది? చూపిస్తే మీరు ఇస్తా ఉంటిరి. తినాల్సిందే అనుకుంటి” అంది.

షాపు ఓనరుకి ఫోన్‌లో చెప్పేసి, ఆమెని ఆటోలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ముందు పాత డోసే మళ్లీ మొదలుపెట్టించింది. తర్వాత టేపరింగ్ అన్నది, అంటే మందుని కొంచెం కొంచెంగా, తన పర్యవేక్షణలో తగ్గించుకుంటూ రావడం. ఏడాది పైనే పట్టవచ్చట. నాకు అది మరీ ఎక్కువనిపించింది గానీ రాజేశ్వరమ్మకి ఆ సంగతి వెంటనే అర్థమైంది. “వదులు రవికను ఒకేసారి బిగిస్తే పిగిలిపోతుంది మా. కొంచెం కొంచెంగా పట్టాల” అంది, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో.

ఇదే దారిలో ఉన్నవాళ్లు శనివారం పొద్దున ఒక రీడింగు రూములో కలుస్తారని, అక్కడికీ వెళ్లమని డాక్టరమ్మ చెప్పింది. వాళ్లేమన్నా వైద్యులా అని నేను మూతి విరిచాను. ఆ గుంపుని నడిపేది దామోదరం, సిటీ బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన. ఇలాంటి మందునే రెండేళ్లు పట్టి వదిలించుకున్నాడు. అక్కడ ఒకటే కట్టుబాటు: ఎవరి డోసు ఎంతో ఇంకొకరు అడగకూడదు. అడిగితే ఎవరు ముందు తగ్గిస్తారన్న పందెం అయిపోతుందట. పద్దెనిమిదేళ్ల అనుభవమున్న నాకు ఆ మాట తట్టి ఉండేది కాదు.

ఎనిమిదో నెలలో రాజేశ్వరమ్మ మళ్లీ కౌంటరు ముందు నిలబడింది. “మళ్లా నిద్ర పట్టకుండా ఉండాది మా. పెండ్లివాళ్ల రవికలు పద్నాలుగు ఉండాయి. ఈ పని పోతే నాకు యాడ దొరుకుతుంది? ఒక్కటంటే ఒక్క మాత్ర ఎక్కువ ఇయ్యి.”

“పాత కస్టమరు, ఇచ్చెయ్యి” అన్నాడు ఓనరు, తలెత్తకుండానే.

“మీరు ఇవ్వండి, నేను ఇంటికి పోతాను” అన్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. నేను దామోదరానికి ఫోన్ చేశాను.

స్కూటరు మీద పావుగంటలో వచ్చాడాయన. “రాజేశ్వరమ్మా, నాకూ సరిగ్గా ఈడనే బండి నిలిచింది. డాక్టరమ్మను అడుగుదాం రా” అని అక్కడే ఫోన్ కలిపాడు. పెంచనక్కర్లేదు, తగ్గించనూ వద్దు, కొన్నాళ్లు ఉన్నచోటే ఆగమంది ఆవిడ. ఆ వారమంతా దామోదరం రోజూ ఆమె మిషను పక్కన కూర్చుని హుక్కులు కుట్టిపెట్టాడు. అన్నీ వంకరే. వాటిని విప్పి మళ్లీ కుట్టుకునే పని ఆమెకి మిగిలింది గానీ, పెళ్లి రవికలు అనుకున్న రోజుకి అందాయి.

మొత్తం ఏడాదిన్నర పట్టింది. ఆఖరి ముక్క కూడా ఆగిపోయి నెలైందని డాక్టరమ్మ చెప్పిన రోజు, రాజేశ్వరమ్మ ఆ చీటీ తెచ్చి కౌంటరు మీద పెట్టింది. తన సంచిలోంచి కత్తెర తీసి, లామినేషన్ని అంచు వెంబడి జాగ్రత్తగా కత్తిరించి, లోపలి కాగితం బయటికి లాగింది.

“ఇప్పుడు కొట్టు నీ స్టాంపు” అంది.

కొట్టాను. తేదీ వేశాను. పన్నెండేళ్లు వాడిన చీటీ మీద చెరగకుండా నిలిచిన మొదటి స్టాంపు అదే. ఇప్పుడు నేను ప్రతి చీటీనీ చివరి లైను నుంచి చదవడం మొదలుపెడతాను. ప్లాస్టిక్ తొడుగున్న చీటీకి మందు ఇవ్వను. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

ఆ రోజు ఆమె కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. “మొదటి పదిహేను దినాలప్పుడే ఇది కొట్టుంటే” అంది. కోపంగా కూడా అనలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.